కొరియా మేడమ్ పరిశోధనకు నా మైదా బంక

ఇరాక్ సైన్యం కువైట్‌కు చేసిన నష్టం గురించి చాలామంది రాశారు. అదే నెలలో నేనొక్కణ్ణే కొరియా దేశపు చదువుకు చేసిన నష్టం గురించి ఎవరూ రాయలేదు. అందుకే నేనే రాస్తున్నాను. తుపాకీ లేదు, ఫిరంగి లేదు, అంతా అరకిలో మైదాపిండితో చేశాను. చదివాక నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. మా ఆవిడ తిట్టినదాంట్లో అది పదోవంతు కూడా ఉండదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఊరు రాయచోటి దగ్గర పల్లె. రేడియో మెకానిక్ పని నేర్చుకుని కువైట్ వచ్చి, సిటీలో ఒక పరిశోధనశాలలో హెల్పరుగా కుదిరాను. అక్కడ ఇద్దరు కొరియావాళ్ళ కింద నా ఉద్యోగం. హాన్ సార్ ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసరు, మరచేతులు తయారుచేసేవాడు. ఆయన భార్య యూన్ మేడమ్ వాళ్ళ దేశపు పాత సాహిత్యం మీద పరిశోధన చేసేది. ఒకరిది సోల్డరింగు, ఇంకొకరిది పాటలు. ఈ రెండూ ఒకే కొంపలో ఎలా కాపురం చేస్తాయా అని నాకు మొదట్లో పెద్ద సందేహం.

ఆ ఇద్దర్నీ కలిపింది ఒక చెయ్యి. అల్యూమినియం ఎముకలు, రబ్బరు వేళ్ళు, మణికట్టు దగ్గర నా తలవెంట్రుకలకన్నా ఎక్కువ వైర్లు. పాత పుస్తకం ముందు పెడితే చిరగకుండా ఒక్కో పేజీ తిప్పుతుంది. తిప్పుతూ కాగితం ఎక్కడ ఎంత అరిగిందో వేలికొసతో తడిమి, ఆ కొలతలన్నీ అంకెలుగా ప్రింటు కొట్టిస్తుంది. కొరియాలో పూర్వం కూతురు అత్తారింటికి వెళ్తుంటే తల్లి తన చేత్తో పాటలు రాసిచ్చేదట. ఆ కూతుళ్ళు ఏ పాట దగ్గర మళ్ళీమళ్ళీ వేలు పెట్టి చదువుకున్నారో, అక్కడ కాగితం అరుగుతుంది. ఎక్కడ అరిగిందో తెలిస్తే వాళ్ళకు ఎక్కడ ఏడుపొచ్చిందో తెలుస్తుందని మేడమ్ వాదన. "దీనికి మిషను దేనికి, మా అమ్మనడిగితే చెప్పేది కదా" అని నేను మనసులో అనుకున్నాను. జీతమిచ్చేవాళ్ళ ముందు అలాంటివి పైకి అనకూడదు.

ఆ చెయ్యి ఎండకూ దుమ్ముకూ ఆగుతుందో లేదో చూడ్డానికి వాళ్ళు రెండేళ్ళ ఒప్పందం మీద కువైట్ వచ్చారు. ఎండ, దుమ్ము అయితే ఆగింది. మూడోది వస్తుందని ఎవరికి తెలుసు?

మేడమ్‌కు ఒక అలవాటుండేది. కాగితం పారెయ్యడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే. అంకెలు ప్రింటయిన కాగితాలను వెనక్కి తిప్పి, ఆ తెల్లవైపు తన సిద్ధాంత గ్రంథం రాసుకునేది. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఎంత ఆలస్యంగానో మీరే చూస్తారు.

ఇక నా గొప్ప గురించి. ఫర్వానియాలో మా గదిలో ఎనిమిదిమందిమి ఉండేవాళ్ళం. ఆ వీధిలో ఎవరు సెలవు మీద ఊరికెళ్ళినా పెట్టె కట్టేది నేనే. కంబళి, టేపురికార్డరు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు అన్నీ ఇరికించి, తాడు బిగించి, లావు మార్కరుతో పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా నాలుగువైపులా రాసి, మూత మీద కూడా రాసేవాణ్ణి. అడుగున కూడా రాద్దామనుకునేవాణ్ణి గానీ పెట్టె ఎత్తి పట్టుకోవడానికి మనిషి దొరికేవాడు కాదు. టీవీ పెట్టెల మీద చూసి చూసి "ఎలక్ట్రానిక్ సామాను, జాగ్రత్త" అని అరబ్బీలో బొమ్మ గీసినట్టు గీయడం కూడా నేర్చాను. అది చూసి మావాళ్ళు "సుబ్బయ్య కట్టిన పెట్టె బొంబాయిలో తప్పిపోదు" అనేవారు.

ఆగస్టు నెలలో ఒకరోజు తెల్లవారేసరికి మా వీధి చివర టాంకు నిలబడి ఉంది.

భయం గురించి నాకు అంతకుముందు కొంత తెలుసు. మా మేనమామ భయం, పరీక్షల భయం, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ భయం. ఇది వేరు. నోట్లో తడి ఆరిపోయి నాలుక అట్టముక్కలా తయారయ్యేది. బయట బూట్ల చప్పుడైతే ఎనిమిదిమందీ ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ ఎనిమిదిమందిలో పెద్దవాడు ఓబులేసన్న. మా పక్క ఊరే, రొట్టెల వ్యాను డ్రైవరు. "గమ్మునుండండప్పా, మన రూములో దోచుకుండేదానికి ఏముండాది, నీ లుంగీనా నా లుంగీనా?" అనేవాడు. అంటూనే తన లుంగీ గట్టిగా పట్టుకునేవాడు.

పరిశోధనశాలను మూడోరోజే ఊడ్చేశారు. కంప్యూటర్లు పరుపుల్లో చుట్టి లారీలకెక్కించారు. అంతకుముందు సాయంత్రమే హాన్ సార్ ఆ చేతిని దిండుగలీబులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ప్రభుత్వ సామాను దాచినవాణ్ణి కాల్చేస్తారని అందరూ చెప్పుకున్నారు. ఎవరు విన్నారో ఎవరికీ తెలియదు, అయినా అందరూ నమ్మాం.

రెండు వారాలు గడిచాక సార్ ఫోన్ చేశాడు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సులు పోతున్నాయి, నువ్వూ మాతో రా, వచ్చి పెట్టె కట్టు అన్నాడు. ఓబులేసన్న వ్యాను తీశాడు. పొద్దున్నే వాళ్ళ ఫ్లాటుకు చేరాం.

"సుబా," అన్నాడు సార్. సుబ్బయ్య అనడం ఆయనకు రాదు. "ఈ చేతిని ఎవరికీ ముట్టుకోబుద్ధి కానట్టు ప్యాక్ చెయ్యాలి. చూడగానే పనికిమాలిన సామాననిపించాలి. చేతనవునా?"

"నాకు వదిలెయ్యండి సార్," అన్నాను. ఆ మాట అన్న తర్వాత నా జీవితంలో మంచి జరిగిన దాఖలా ఒక్కటీ లేదు.

మేడమ్ నా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పింది. "మిగతా అధ్యాయాలన్నీ ముందే సియోల్ పంపించాను. చివరిది నా దగ్గరే ఉంది. ఆరేళ్ళ పని సుబా, రెండో కాపీ లేదు. జిరాక్స్ మిషను సైనికులతో వెళ్ళిపోయింది. అది నేను ఒంటికి కట్టుకుని తీసుకెళ్తాను." అలా చెప్పి, నడుముకు కట్టుకునే గుడ్డసంచీ కుట్టడానికి లోపలిగదిలోకి వెళ్ళింది.

నేను పనిలో దిగాను. చేతిని తువ్వాలులో చుట్టి, చుట్టూ పాత చొక్కాలు కూరి, అట్టపెట్టెలో పెట్టి తాడు బిగించాను. భయంలో ఉన్నప్పుడు మనిషికి తెలిసిన పని చేతిలో ఉంటే హాయిగా ఉంటుంది. ఆ హాయిలో మార్కరు ఎప్పుడు తీశానో, దాని మూత ఎప్పుడు ఊడదీశానో నాకు తెలియదు. తలెత్తి చూసేసరికి సార్ నా ముందు నిలబడి ఉన్నాడు.

"సుబా, ఇదేమిటి?"

పెట్టె మీద ఐదువైపులా ఇంగ్లీషులో "ప్రొఫెసర్ హాన్, రోబో చెయ్యి, చాలా ముఖ్యం" అని ఉంది. కింద అరబ్బీలో "ఎలక్ట్రానిక్ సామాను, జాగ్రత్త" అని, చెప్పకూడదు గానీ, ముత్యాల్లాంటి అక్షరాలు.

"అలవాటు సార్," అన్నాను.

"ఇంకా ఏమైనా మర్చిపోయావా? ధర రాయలేదే?"

ఓబులేసన్న వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "దొంగ చేతికి తాళాలిచ్చేవాళ్ళను చూసినా. నువ్వు దొంగకు దోవ గూడా రాసిస్తివి గదరా!"

వేరే పెట్టె లేదు. ఊరంతా ఊరు వదిలి పోతుంటే అట్టపెట్టెకు బంగారానికున్నంత గిరాకీ. మార్కరు చెరిగేది కాదు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. దాన్ని అప్పుడే ఎవరైనా ఊదేసి ఉండాల్సింది.

వంటింట్లో మైదాపిండి ఉంది. నీళ్ళు పోసి ఉడకబెట్టి చిక్కటి బంక చేశాను. అంటించడానికి కాగితాలు కావాలి. భోజనాల బల్ల మీద ఒక కట్ట కనిపించింది. పైన అన్నీ అంకెలు. పరిశోధనశాలలో నేను రోజూ చెత్తబుట్టల్లోంచి ఎత్తి పారేసే బాపతు. ఒకవైపు ప్రింటయితే చిత్తు కాగితమేనని నా చదువు. తిప్పి చూశానా? లేదు. ముప్పైరెండు కాగితాలకు వెనకవైపు దట్టంగా బంక పూసి, ఒక్క అక్షరం కనబడకుండా పెట్టెనంతా కప్పేసి, పైనుంచి తాడు మళ్ళీ బిగించాను. మా ఊళ్ళో సినిమా పోస్టరు అంటించేవాడు కూడా నా పనితనానికి దండం పెట్టేవాడు.

మీకు అర్థమైపోయింది. నాకు కాలేదు. కిందనుంచి ఓబులేసన్న హారను కొడుతున్నాడు. "బిరీన రాండి! రోడ్డు మూసేస్తారంట!" మేడమ్ సంచీతో బయటికి వచ్చింది. బల్ల ఖాళీగా ఉంటే సార్ సర్దాడనుకుంది. సార్ ఆమె సర్దిందనుకున్నాడు. అందరం పరుగెత్తాం.

సిటీ దాటగానే రోడ్డుకు అడ్డంగా ఇసుకబస్తాలు, సైనికులు, ముందు ఇరవై బండ్ల వరస. ఆ వరసలో నిలబడి ఉండగా మేడమ్ సార్‌ను ఏదో అడిగింది. సార్ తల అడ్డంగా ఊపాడు. ఆమె నా వైపు తిరిగింది.

"సుబా, బల్ల మీద నా కాగితాలు?"

"ఏ కాగితాలు మేడమ్? అంకెలున్నవా?"

"వాటి వెనకవైపు."

పెట్టె మా ఇద్దరి మధ్యే ఉంది. ఆమె ఒక కాగితం అంచును గోటితో ఎత్తింది. కింద నీలంసిరాతో చీమల బారుల్లా ఆమె అక్షరాలు, వాటి మీద నా బంక. ఆమె ఆ అంచును మళ్ళీ జాగ్రత్తగా కిందికి అద్దింది. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఉన్న నాలుకను ఊడబెరికి బంకపెట్టి పెట్టెకు అంటించాను.

"ఏమైందిరా?" అన్నాడు ఓబులేసన్న. చెప్పాను. స్టీరింగు మీద తల ఆనించాడు. "నాయనా, కాయితాలు పెట్టెలో పెట్టేవాళ్ళుంటారు. పెట్టెకు పెట్టినోనివి నువ్వొక్కనివే."

మా వంతు వచ్చింది. చెమటకు చొక్కా ఒంటికతుక్కుపోయిన ఒక కుర్ర సైనికుడు వెనక తలుపు తీసి పెట్టెను చూశాడు. అంకెలను చూశాడు. వేలితో ఒక వరస చదివాడు. అతని కనుబొమలు దగ్గరయ్యాయి. గూఢచారులు రహస్య సంకేతాలు రాసే పద్ధతి గురించి అతనికి ఏదో నేర్పి ఉంటారు. గట్టిగా కేకేశాడు. మీసాల అధికారి ఒకడు వచ్చాడు.

మా ఇంటిదేవుడు, పక్కింటివాళ్ళ ఇంటిదేవుడు, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుని, తెలియనివాళ్ళకు కూడా ఒక కొబ్బరికాయ ఉంచాను.

"ఈ అంకెలేమిటి?" అన్నాడు అధికారి.

"కాగితం మందం," అన్నాడు సార్ ఇంగ్లీషులో.

"కాగితం మందం ఎవరైనా కొలుస్తారా? ఎందుకు?"

మేడమ్ జవాబు చెప్పింది. "పూర్వం ఆడవాళ్ళకు ఎక్కడ ఏడుపొచ్చిందో తెలుసుకోవడానికి."

అధికారి ఓబులేసన్న వైపు చూశాడు. ఓబులేసన్న తన డ్రైవరు అరబ్బీలో వివరించాడు. తర్వాత నాకు చెప్పిందాన్ని బట్టి అతనన్నది ఇది: "అయ్యా, ఈ యమ్మ ఏడుపులు కొలుస్తాది. మంచి మనిషే."

"తెరవండి," అన్నాడు అధికారి.

తాడు కోశారు. చొక్కాలు తీశారు. తువ్వాలు విప్పగానే ఐదువేళ్ళూ బయటికి వచ్చాయి. కుర్రవాడు ఒక్క గెంతు వెనక్కి గెంతి తుపాకీ ఎత్తాడు. ఆ గొట్టం ఎవరివైపుందో నేను చెప్పనక్కర్లేదు. అలాంటివన్నీ నన్నే వెతుక్కుంటూ వస్తాయి. "కాల్చొద్దు, బొమ్మ, బొమ్మ!" అని తెలుగులో అరిచాను.

సార్ రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా దించి, బ్యాటరీ వైరు తగిలించాడు. అధికారి చేతిలోని బండ్ల రిజిస్టరు ఇమ్మని సైగ చేశాడు. వేళ్ళ ముందు పెట్టాడు. చెయ్యి కదిలింది. రిజిస్టరులో ఒక పేజీని నిద్రపోయే పిల్లవాడి మీద దుప్పటి సర్దినంత మెత్తగా తిప్పింది.

అధికారి నోరు తెరిచాడు. "మళ్ళీ" అన్నాడు. మళ్ళీ తిప్పింది. ఏడుసార్లు తిప్పించుకున్నాడు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతుంటే వాళ్ళను గద్దించి ఎనిమిదోసారి తిప్పించుకున్నాడు. తర్వాత లేచి, "ఇది బాగ్దాద్ వస్తుంది. మీరు పోవచ్చు" అని, కుర్రవాడితో "పెట్టెలో పెట్టి పట్టుకురా" అన్నాడు.

సార్ మొహం చూశాను. తను చేసిన చెయ్యి పోతుంటే ఆయన దానివైపు చూడటం లేదు, పెట్టెవైపు చూస్తున్నాడు. మేడమ్ నా చొక్కా పట్టుకుంది. "సుబా" అంది.

ఎలా జరిగిందో తెలియదు, నేను పెట్టెను రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డాను. తుపాకీ గొట్టం నా రొమ్ముకు ఆనింది. ఎండలో ఉన్న ఇనుము చొక్కాలోంచి కాలుతోంది.

"చెయ్యి తీసుకో," అన్నాను వచ్చీరాని అరబ్బీలో. "కార్తూన్ నాది. కార్తూన్ ఇవ్వు."

"ఖాళీ కార్తూన్ నీకెందుకు?" అధికారి వెనక్కి వచ్చాడు. మళ్ళీ అంకెలవైపు చూశాడు. "ఏముంది దీంట్లో?"

అబద్ధం ఆడాలి. ఒక్కటీ తట్టలేదు. వచ్చింది ఏడుపు. ఏడుపుతో పాటు, అప్పటిదాకా నాకే తెలియని నిజం బయటికి వచ్చింది. "నాలుగేళ్ళు పని చేశాను సదీక్, దోస్త్. అంతా పోయింది. ఊరికి ఖాళీ చేతులతో పోతున్నా. పెట్టె లేకుండా బస్సు దిగితే నన్ను చూసి ఊరంతా నవ్వుతుంది. లోపల ఏమీ లేకపోయినా ఫర్వాలేదు. నెత్తిన పెట్టె ఉంటే చాలు."

ఓబులేసన్న బండి దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "వాడు చెప్పేది నిజం. పెట్టె ల్యాకుండా పోతే కువైట్‌కు పోయినాడని మా పక్క ఎవరూ నమ్మరు," అని అరబ్బీలో సాక్ష్యం చెప్పాడు.

అధికారి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. తుపాకీ ఉన్న కుర్రవాడు మాత్రం నవ్వలేదు. "మిస్కీన్" అన్నాడు, పాపం అని. చేతిని తన తలగుడ్డలో చుట్టుకుని, పెట్టెను తనే ఎత్తి వ్యానులో పెట్టాడు.

"యల్లా," అన్నాడు అధికారి, ఇక పోండని. ఓబులేసన్న వ్యానును ఎంత వేగంగా లాగించాడంటే నా ప్రాణం అరమైలు వెనకబడి వచ్చింది. బస్సుల దగ్గర మమ్మల్ని దించాడు. అక్కడ సార్ మేడమ్ భుజం మీద చెయ్యి వేసి, నాకు కూడా అర్థం కావాలని ఇంగ్లీషులో అన్నాడు. "చెయ్యి మళ్ళీ చేసుకోవచ్చు." ఓబులేసన్న నన్ను కావలించుకుని, "ఈసారి ఏమీ రాయొద్దురా" అని చెప్పి వెనక్కి తిరిగాడు. అతను గదిలోవాళ్ళను తీసుకుని తర్వాతి వారం అదే దారిలో బయటపడ్డాడు.

జోర్డాన్ శిబిరంలో తొమ్మిదిరోజులు ఆ ఖాళీ పెట్టెకు నేను కాపలా ఉన్నాను. తాగే నీళ్ళే కొలిచి పోసేచోట కాగితాలు తడిపి ఊడదీయడం కుదరదు. మైదా వాసనకు మేకలు వచ్చేవి. "ఏం తెచ్చుకున్నావన్నా?" అని గుంటూరువాడొకడు అడిగాడు.

"కాగితాలు."

"లోపలున్నాయా?"

"బయట."

అతను ఆ తర్వాత నా పక్కన పడుకోలేదు.

అమ్మాన్ విమానాశ్రయంలో మేడమ్ పెట్టెను నా నెత్తిమీంచి దించుకుంది. "ఇంక నేను మోస్తాను సుబా" అంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని విమానమెక్కింది. నేను రెండు చేతులూ ఊపుకుంటూ ఊళ్ళో బస్సు దిగాను. మా ఆవిడ రామలక్షుమ్మ నన్ను చూసి ముందు బాగా ఏడ్చింది. తర్వాత నా వెనకాల చూసింది.

"పెట్టె యాడయ్యా?"

"కొరియావాళ్ళకిచ్చినా."

"దాంట్లో ఏముండె?"

"ఏమీ లేదు."

సాయంత్రానికి ఊరంతా పాకింది. సుబ్బయ్య కువైట్ నుంచి ఖాళీ అట్టపెట్టె తెచ్చి, దాన్ని కూడా దోవలో పరాయివాళ్ళకు దానం చేశాడట అని.

ఏడాది తర్వాత సియోల్ నుంచి ఉత్తరం వచ్చింది. మా ఊరి ఇంగ్లీషు అయ్యవారు చదివి చెప్పారు. పాత పుస్తకాలు బాగుచేసేవాళ్ళు ఆవిరి పట్టి పట్టి ముప్పైఒక్క కాగితాలు ఊడదీశారట. ముప్పైరెండోది ఊడింది గానీ సిరా అట్టకే ఉండిపోయింది. మేడమ్ దాన్ని అద్దంలో చూసి చదువుకుందట. ఆమెకు డాక్టరేటు వచ్చింది. సార్ కొత్త చెయ్యి చేశాడు. ఆ కొత్త చెయ్యి మొట్టమొదట తడిమి చూసింది ఏ పాత పుస్తకాన్నీ కాదట, మా పెట్టెనట. చివర్లో మేడమ్ ఇలా రాసింది: "రెండు పక్కల, నువ్వు వాటేసుకుని నిలబడ్డ చోట, అట్ట లోపలికి నొక్కుకుపోయి పది వేళ్ళ గుంటలున్నాయి. నువ్వు ఆరోజు ఎంత భయపడ్డావో, అయినా ఎంత గట్టిగా పట్టుకున్నావో ఇప్పుడు మా దగ్గర అంకెల్లో ఉంది. ఆ పెట్టెను మా పరిశోధనశాలలో అద్దాల బీరువాలో దాచాం."

నేను కళ్ళు తుడుచుకున్నాను. రామలక్షుమ్మ గడపలో నిలబడి అంతా విని, నిట్టూర్చి అంది.

"అంటే ఇంగ ఆ పెట్టె తిరిగియ్యరన్నమాట."

కాబట్టి, ఇందుమూలంగా పెద్దలందరి సమక్షంలో నేను ప్రమాణం చేసి చెప్పేదేమంటే: ఇకమీదట బల్ల మీద కాగితం కనబడితే రెండోవైపు తిప్పి చూడనిదే ముట్టను. అది నాకు రాని భాషలో ఉంటే మరింత దూరంగా ఉంటాను. పెట్టెలో ఏముందో పెట్టె మీద రాయను. మైదాపిండిని పరోటాలకు తప్ప మరి దేనికీ వాడను. ఈ ప్రమాణం తప్పితే ఆ మీసాల అధికారి మళ్ళీ నా కలలోకి వచ్చి, ఎనిమిదిసార్లు పేజీ తిప్పించుకుని, తొమ్మిదోసారి నన్ను తిప్పమనుగాక.